నలభై ఎనిమిది పళ్ళ దువ్వెన

కత్తెర తాతకు కోపం వస్తే కత్తెర ఊరికే గాలిలో ఆడుతుంది. ఒక్క వెంట్రుకా తెగదు, టకటకా చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఆ చప్పుడు వినగానే కుర్చీలో కూర్చున్నవాడు మాట మార్చేయాలి. ఆ వీధి మగపిల్లలకు నడకతో పాటు అబ్బే తెలివి ఇది.

ఆయన సెలూన్ వీధి మలుపులో, మందుల షాపుకీ ఇస్త్రీ షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఎదురెదురుగా రెండు అద్దాలు, ఒక ఇనుప కుర్చీ, ఒక బెంచీ. కుర్చీకి తల ఆనించే చోట రెగ్జిను చిరిగిపోతే కూతురు పాత ప్యాంటు గుడ్డ వేసి కుట్టింది. బెంచీ మీద నలుగురు పడతారు. ఐదోవాడు కూర్చోవాలంటే మొదటివాడు లేవాలి. పన్నెండో ఏట నేల మీద పడ్డ జుట్టు ఊడవడానికి ఆ షాపులో చేరాడు తాత. అరవై ఎనిమిదో ఏట కూడా ఊడుస్తూనే ఉన్నాడు, కాకపోతే ఇప్పుడు షాపు తనది.

పనిలో ఆయనకో పద్ధతి ఉంది. ముందు ఎడమ పక్క కత్తిరిస్తాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, అద్దంలో చూసుకుంటూ కుడి పక్కను దానికి సరిపెడతాడు. "ఎడమ పక్క నా చెయ్యి, కుడి పక్క నా కన్ను" అంటాడు. గడ్డానికైతే కన్ను కూడా అక్కర్లేదట. ఎడమచేతి బొటనవేలు ముందు నడుస్తుంటే కత్తి దాని వెనకే బుద్ధిగా వస్తుంది. పని అయ్యాక చేతి అద్దం తల వెనక పట్టి చూపించడం, కూర్చున్నవాడు "బాగుంది" అనడం, తాత "బాగుండక ఏమవుతుంది" అనడం, యాభై ఏళ్ళుగా ఇది మారలేదు.

మనసులో మాత్రం ఒక ముల్లు ఉండిపోయింది. కూతురు స్కూలు చదువు పూర్తిచేసి కాలేజీలో చేరతానన్న ఏడాదే వానలకు షాపు పైకప్పు కూలింది. "వచ్చే ఏడాది చూద్దాం లేమ్మా" అన్నాడు తాత. ఆ పిల్ల మారు మాట్లాడకుండా, ఒక్క ఏడాదే కదా అని బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి వెళ్ళింది. ఇప్పటికీ అక్కడే ఉంది. మధ్యలో పెళ్ళయింది, ఆడపిల్ల పుట్టింది, ఆ పిల్లకు మూడేళ్ళప్పుడు అల్లుడు జ్వరంతో పోయాడు. తల్లీ పిల్లా తాత దగ్గరికే వచ్చేశారు, షాపు వెనక రెండు గదుల్లోకి. కూతురు ఎన్నడూ ఆ కాలేజీ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే తాతకు కొంచెం తేలికగా ఉండేది.

అందుకే మనవరాలికి ఇంజినీరింగులో సీటు వచ్చిందన్న రోజు తాత కుర్చీలో ఉన్న మనిషిని సగం తలతో వదిలేసి ఇంట్లోకి పరిగెత్తాడు. రోడ్లూ వంతెనలూ కట్టే చదువు, నాలుగేళ్ళు. మంచి మార్కులు వచ్చాయి కాబట్టి ఫీజులో సగం తీసేస్తారు. మిగతా సగం, హాస్టలు, ముందుగా కట్టే డిపాజిట్టు అన్నీ కలిపి సోమవారం సాయంత్రంలోగా కట్టాలి. ఆ రోజు బుధవారం.

కూతురు కాగితం రెండుసార్లు చదివింది. "నాన్నా, ఇది మన తలకు మించిన పని" అంది మెల్లగా.

"తలల సంగతి నాకొదిలెయ్యి" అన్నాడు తాత. అన్నాడే గానీ ఆయనకూ ఏం తోచలేదు.

తోచింది లెక్కల మేస్టారుకి. ఆయన రిటైరై పదేళ్ళయింది, అయినా ఎక్కడ లెక్క కనిపించినా చేస్తే గానీ ఊరుకోడు. గురువారం ఉదయం కుర్చీలో కూర్చుని సంగతంతా విని, "అందరం తలా కొంచెం వేసుకుని ఇస్తాం, తీసుకో" అన్నాడు. కత్తెర గాలిలో ఆడింది. మేస్టారు వెంటనే మాట మార్చాడు.

"సరేనయ్యా, ఊరికే వద్దు. నువ్వు అమ్మేది కటింగే కదా. నాలుగేళ్ళ కటింగులు ముందే అమ్మెయ్యి. పిల్ల చదువు నాలుగేళ్ళు, నెలకొకటి చొప్పున నలభై ఎనిమిది." చేయి చాచి కప్పులోని సబ్బు నురగలో వేలు ముంచి, అద్దం మీద హెచ్చవేత మొదలుపెట్టాడు. ముప్పై మంది కొంటే సోమవారం గడుస్తుంది, ఇంకా కాస్త మిగులుతుంది కూడా. తాత ఆ నురగ అంకెల వైపు దేవుడి పటాన్ని చూసినట్టు చూశాడు. మధ్యాహ్నం దాకా అద్దం తుడవలేదు.

ఎవరికెన్ని కటింగులు మిగిలాయో గుర్తుండాలి కదా. తాత డజన్ల లెక్కన జేబు దువ్వెనలు కొనుక్కొచ్చాడు. కొన్నవాడికల్లా ఒక దువ్వెన. జుట్టు కత్తిరించిన ప్రతిసారీ ఒక పన్ను విరిచేస్తాడు. పళ్ళన్నీ అయిపోతే బాకీ తీరినట్టు. తీరా లెక్కపెడితే దువ్వెనకు యాభై రెండు పళ్ళున్నాయి. తాత గడప మీద కూర్చుని ఒక్కో దువ్వెనకూ నాలుగేసి పళ్ళు ముందే విరవసాగాడు.

"పోనీలే నాన్నా, నాలుగు ఎక్కువైతే ఏం పోతుంది" అంది కూతురు.

"నలభై ఎనిమిది చేస్తానని మాటిచ్చా, చేస్తా. ఈ వయసులో యాభై రెండని ఒట్టెయ్యలేనమ్మా."

ఆదివారం సాయంత్రానికి దువ్వెనలు అయిపోయాయి. బస్సు డ్రైవరు రెండు కొన్నాడు, ఒకటి తనకు, ఒకటి తమ్ముడికి. మందుల షాపాయన బేరమాడకుండా కొన్నది జీవితంలో అదొక్కటే అంటారు. పోస్టాఫీసు గుమస్తాకు చెవుల పైన తప్ప ఎక్కడా జుట్టు లేదు, ఆయనా వచ్చి నిలబడ్డాడు.

"నీకెందుకయ్యా?" అన్నాడు తాత.

"ఉన్న పదిహేను వెంట్రుకలకైనా మర్యాద జరగాలి కదా. అది సరే గానీ తాతా, మధ్యలో నువ్వు పోతే నా గతేంటి?"

"దువ్వెన మిగులుతుంది. దువ్వుకో."

సోమవారం ఫీజు కట్టారు. మనవరాలు పెట్టె సర్దుకుని బస్సెక్కింది. ఎక్కే ముందు తాతను గట్టిగా పట్టుకుంది. తాత ఆ పూటంతా ఈల వేస్తూ పనిచేశాడు.

ఈల రెండు నెలలు సాగింది. ఆ తర్వాత ఒక శనివారం, బెంచీ నిండా మనుషులుండగానే, డబ్బుల డబ్బా మూత తీసి చూసి తాత అలాగే నిలబడిపోయాడు. డబ్బా ఖాళీ. పొద్దుటి నుంచి తొమ్మిది తలలు కత్తిరించాడు, తొమ్మిది పళ్ళు విరిచాడు, చేతికి ఒక్క నాణెం రాలేదు. వచ్చే శనివారం కూడా రాదు. ఈ వీధిలో తన దగ్గరికి వచ్చే తలలన్నీ నాలుగేళ్ళకు అమ్ముడుపోయాయి. మరి ఇంటి ఖర్చు? రెండో ఏడు ఫీజు?

మేస్టారుకి కబురు వెళ్ళింది. ఆయన వచ్చి, డబ్బాలోకి చూసి, అద్దం వంక చూసి, నుదురు కొట్టుకున్నాడు. "లెక్క తప్పు కాదయ్యా" అన్నాడు. "హెచ్చవేత సరిగ్గానే చేశా. నువ్వు కూడా తిండి తినాలన్న సంగతే మర్చిపోయా." ముప్పై ఐదేళ్ళు పిల్లల తప్పులు దిద్దిన మనిషి. ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదని మేస్టారు భార్య తర్వాత చెప్పింది.

మర్నాడు పొద్దున్నే షాపు తలుపు తీసేసరికి మేస్టారు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "గడ్డం చెయ్యి. మా ఇంట్లో బ్లేడు మొద్దుబారింది" అన్నాడు. నలభై ఏళ్ళుగా ఇంట్లో గీసుకునే మనిషి. గడ్డానికి దువ్వెన చెల్లదు, డబ్బులివ్వాలి. మేస్టారు ఇచ్చాడు. ఆయన వెనకే మందుల షాపాయన. తమ ఇంట్లోనూ బ్లేడు మొద్దుబారిందట.

"మీరే బ్లేడులు అమ్ముతారు కదండీ" అన్నాడు తాత.

"అమ్మేవాడికే కదా తెలిసేది, అవి ఎంత మొద్దువో."

తాత వాళ్ళ ముఖాల్లోకి చూశాడు. సంగతి అర్థమైంది. కత్తెర చేతిలోకి తీసుకున్నాడు కూడా. కానీ గడ్డాలు నిజంగానే పెరిగి ఉన్నాయి, పని నిజంగా పనే, ఇందులో దానం ఎక్కడుందని ఎవరితో పోట్లాడతాడు? కత్తెర కింద పెట్టి నురగ కలిపాడు. ఆ రోజు నుంచి ఆ వీధిలో ఏ ఇంట్లోనూ బ్లేడు పదునుగా లేదు. డ్రైవరు డ్యూటీకి ముందొకసారి, సెలవు రోజున అలవాటు తప్పకూడదని ఇంకోసారి వచ్చేవాడు. గుమస్తాకు తల మీద లేనిదంతా గడ్డంలో ఉంది కాబట్టి ఆయనే పెద్ద బేరం. గడ్డాల మీదా, కూతురు ఫ్యాక్టరీలో అదనంగా చేసిన గంటల మీదా రెండో ఏడు ఫీజు కట్టారు. మూడో ఏడుదీ కట్టారు.

మూడో ఏట షాపులో బల్బు సరిగ్గా వెలగడం మానేసింది. తాత బల్బు మార్చాడు. కొత్తదీ అంతే. మళ్ళీ మార్చాడు. బల్బుల షాపువాడితో తగువు పెట్టుకున్నాడు. తర్వాత అద్దాల మీద అనుమానం వచ్చింది. వెనక పాదరసం పూత పోయి ఉంటుందని తేల్చి, రోజూ రెండుసార్లు నిమ్మచెక్కతో రుద్దాడు. అద్దాలు తళతళలాడుతున్నాయని కూతురు అంటే, "నీకు పనితనం తెలీదులే" అన్నాడు. కుడికంట్లో మంచు దిగినట్టుందని, ఎడమకంట్లోకి కూడా అది పాకుతోందని ఆయనకు తెలియక కాదు. తెలిసినా బల్బుదే తప్పనుకోవడం సుఖంగా ఉంది.

ఆ ఏడాది ఇంకో వింత. చేతి అద్దం తల వెనక పట్టబోతే అందరూ ముందే లేచి నిలబడేవారు. "అక్కర్లేదు తాతా, బాగుంది." డ్రైవరు సెలవు రోజున కూడా టోపీ పెట్టుకుని తిరిగేవాడు. మేస్టారు మెడ పట్టేసిందని చెవుల దాకా కండువా చుట్టుకుని వీధిలోకి వచ్చేవాడు. కాలం మారింది, జనానికి ఓపిక తగ్గిందని తాత అనుకున్నాడు.

సెలవులకు మనవరాలు వచ్చింది. బస్సు దిగి తిన్నగా షాపుకే వచ్చింది. సంచిలోంచి చిన్న మట్టం బద్ద తీసి, అందులో బుడగ ఎలా ఆడుతుందో చూపిస్తూ అద్దం కింద బల్ల మీద పెట్టింది.

"బల్ల వంకరగా ఉంది తాతా."

"బల్ల కాదే, ఇల్లే వంకర. అందులో ఉన్న మనుషులు తిన్నగా ఉన్నారా లేదా, అది చూడు."

మనవరాలు నవ్వింది. నవ్వుతూనే కుర్చీలో ఉన్న మేస్టారు తల వైపు చూసింది. తర్వాత బెంచీ మీది ముగ్గురి వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది. మేస్టారు అద్దంలోంచే ఆ పిల్లకు కళ్ళతో ఏదో సైగ చేశాడు. తాతకు అదేమీ కనపడలేదు.

అందరూ వెళ్ళాక ఆ పిల్ల ఆయన ఎడమకన్ను అరచేత్తో మూసింది. "ఇవాళ తారీఖెంతో ఆ క్యాలెండర్లో చూసి చెప్పు తాతా."

"పదిహేడు" అన్నాడు వెంటనే. తారీఖు ఎవరికి తెలీదు?

"నా చేతికి వేళ్ళెన్ని?"

"ఐదు."

"ఇప్పుడు ఎన్ని చూపిస్తున్నానో చెప్పు."

తాత కన్ను చికిలించాడు. "మూడు."

ఆ పిల్ల రెండో చెయ్యి అసలు ఎత్తనే లేదు. అరచెయ్యి తీసేసి, కుర్చీలో కూలబడి, ముఖం కప్పుకుని ఏడ్చింది. "ఎన్నాళ్ళ నుంచి తాతా? అమ్మకైనా చెప్పొచ్చు కదా."

శుక్లాలు, ఆపరేషన్ చేస్తే పోతాయి, పెద్దాసుపత్రిలో డబ్బు కూడా అక్కర్లేదు. తాతకు ఇవన్నీ తెలుసు. "డబ్బు కాదే అమ్మడూ. నెలా పదిహేను రోజులు కత్తెర పట్టకూడదంటారు. ముప్పై మంది తలలు నా దగ్గర తాకట్టులో ఉన్నాయి. ముందే డబ్బు పుచ్చుకుని షాపు మూసుకుంటే దాన్నేమంటారు? నీ చదువు అయిపోనీ. ఇంకెంత, ఒక్క ఏడాది. వచ్చే ఏడాది చూద్దాం."

లోపలి గది గుమ్మంలో కూతురు నిలబడి ఉంది, ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చింది, ఇంకా చెప్పులు కూడా విప్పలేదు.

"ఆ మాట నా దగ్గర అనకు నాన్నా" అంది.

గొంతు పెంచలేదు. ఇరవై నాలుగేళ్ళలో ఆమె ఆ సంగతి ఎత్తింది అదొక్కసారే. తాత చేతిలో కత్తెర ఉంది, అది ఆడలేదు. దాన్ని బల్ల మీద మట్టం బద్ద పక్కన పెట్టి, "ఎప్పుడు వెళ్దాం?" అన్నాడు.

షాపు తలుపు మీద మనవరాలు కాగితం అంటించింది. ఆపరేషన్ అయ్యాక తాత నల్లకళ్ళజోడు పెట్టుకుని వెనక గదిలో పడుకుని ఒకటే గొణుగుడు. మెయిన్ రోడ్డు మీద ఏసీ సెలూన్ ఉంది, ఈపాటికి అందరూ అక్కడే కూర్చుని ఉంటారు, తన దువ్వెనలు చెత్తబుట్టలో పడి ఉంటాయి. మేస్టారు చూడ్డానికి వస్తే అదే అన్నాడు.

"జుట్టుకేమన్నా కాళ్ళున్నాయటయ్యా? ఎక్కడికీ పోదు. నువ్వు పడుకో" అన్నాడు మేస్టారు.

షాపు తీసిన రోజు మనవరాలు తాత చెయ్యి పట్టుకుని మెట్టు దింపింది. వారంలో ఆ పిల్ల తిరిగి కాలేజీకి వెళ్ళాలి, ఆఖరి ఏడాది. బయట వరస. బెంచీ నిండి, మెట్లు నిండి, ఇస్త్రీ షాపు దాటి మనుషులు. ఒక్కడంటే ఒక్కడు కూడా ఈ నెలా పదిహేను రోజుల్లో ఏసీ సెలూన్ గుమ్మం తొక్కినట్టు లేడు. డ్రైవరు జుట్టు టోపీ చుట్టూ పొదలా పొంగింది, పైఅధికారి రెండుసార్లు చీవాట్లు పెట్టాడట. గుమస్తా పదిహేను వెంట్రుకలు కూడా భుజాల మీదికి దిగాయి. తాత వాళ్ళను చూసి నవ్వాడు. ముఖాలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చూసి ఇంకా నవ్వాడు. మేస్టారు ఇంత ముసలాడైపోయాడని ఆయనకు అప్పుడే తెలిసింది.

మొదట మేస్టారే కూర్చున్నాడు. తాత గుడ్డ కప్పి, ఎప్పటిలాగే అద్దంలోకి చూశాడు.

నవ్వు పోయింది.

పెరిగిన జుట్టులో కూడా తెలుస్తోంది. ఎడమ పక్క చెవిని కప్పేసి ఉంది. కుడి పక్క రెండు వేళ్ళ ఎత్తున, ఎలుక కొరికినట్టు పైకి పోయింది. తాత గిరుక్కున తిరిగి బెంచీ వైపు చూశాడు. మందుల షాపాయనకు కుడి పక్క ఎత్తు. డ్రైవరుకు కుడి పక్క ఎత్తు. వాడి తమ్ముడిక్కూడా. గుమ్మం బయట వరస చివరిదాకా వెళ్ళి ఒక్కొక్క తలా చూసి వచ్చాడు. ఆ టోపీ, ఆ కండువా, ఆ "అక్కర్లేదు తాతా, బాగుంది" అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఏడాది పాటు ముప్పై మంది మగాళ్ళు వంకర తలలతో ఉద్యోగాలకు వెళ్ళారు, పెళ్ళిళ్ళకు వెళ్ళారు, ఫోటోలు దిగారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"ఏమిటి?" అన్నాడు మేస్టారు అమాయకంగా.

"ఈ వంకర."

"ఏ వంకర?"

బెంచీ మీద ఎవరూ తలెత్తలేదు. గుమ్మం దగ్గర మనవరాలు పెదవి కొరుక్కుంటూ నిలబడింది. ఆ పిల్ల చెయ్యి తల్లి చేతిలో ఉంది.

తాత కత్తెర అందుకుని కత్తిరించడం మొదలుపెట్టాడు. ముందు ఎడమ పక్క. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, అద్దంలో చూసి, కుడి పక్కను ముట్టుకోకుండా ఎడమ పక్కనే దానికి సరిపెట్టాడు. ఎప్పుడూ పట్టనంత సేపు పట్టింది. చేతి అద్దం తల వెనక పట్టాడు. ఈసారి మేస్టారు లేవలేదు. తీరిగ్గా అటూ ఇటూ తిరిగి చూసుకుని, "బాగుంది" అన్నాడు. జేబులోంచి దువ్వెన తీసి చాచాడు. చివర పన్నెండు పళ్ళు మిగిలాయి.

తాత చెయ్యి చాచలేదు. "వద్దు మేస్టారూ. ఏడాదిగా నేను చేసినవి కటింగులు కావు. విరిచిన పళ్ళు అతికించలేను గానీ, అందరికీ కొత్త దువ్వెనలు ఇస్తా. ఆ ఏడాదంతా మళ్ళీ చేస్తా."

"ఆ ఏడాది పిల్ల కాలేజీకి వెళ్ళిందా?" అన్నాడు మేస్టారు.

"వెళ్ళింది."

"పరీక్షలు రాసిందా? పాసయిందా?"

"అయింది."

"అయితే కటింగ్ అయినట్టే. మేం కొన్నది అదేనయ్యా. విరువు."

తాత దువ్వెన అందుకున్నాడు. ఏం జరిగినా సరే కళ్ళు నలపకూడదని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. అందుకని చేతులు కిందే ఉంచుకుని, చెంపల మీద కారుతున్నదాన్ని కారనిచ్చి, ఒక పన్ను విరిచాడు. దువ్వెన మేస్టారు చేతిలో పెట్టి, గుడ్డ దులిపాడు.

"తర్వాత ఎవరు?" అన్నాడు.